ఇంటికాడ చదువుకోమన్న పాఠం

నిన్న జీడిపళ్ల వగరు వాసనకి నా ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. తోటలో పళ్లు ఏరుతుంటే లంగాకి రక్తం కనిపించింది. పెదనాన్నలాగే నాకూ కిడ్నీలు పోయాయనుకుని, మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను. ఇంటింటా కిడ్నీ రోగమున్న ఉద్దానం పిల్లలం, ఇంకేమనుకుంటాం? అమ్మ చూసి మూల కూర్చోబెట్టింది కానీ సంగతేమిటో చెప్పలేదు. బడిలో మాస్టారు యుక్తవయసు పాఠం రాగానే "ఇది ఇంటికాడ సదువుకోండర్రా" అని పేజీలు తిప్పేసేవారు, నాతో చదివినవాళ్లూ, గుర్తుందా మీకు?

నిన్న ఇదంతా తలుచుకుంటుండగానే, ఎనిమిది చదువుతున్న మా అమ్మాయి అదే పాఠం తెరిచి తెచ్చింది.

"అమ్మా, ఇది టీచర్ సెప్పనేదు. ఇంటికాడ అడగమన్నారు. ఇదేటి?"

పుస్తకం మూసి దాని చేతిలో పెట్టి, "టీచర్నే అడుగు" అన్నాను.