బామ్మర్దిని తీసేసిన ఆట

పెయింట్ ఫ్యాక్టరీ బేస్‌బాల్ జట్టులో ఎవరు ఆడాలో తేల్చేది రంగులు కలిపే సెక్షన్ మేస్త్రి. "ఒక్క వానకి చెరువు నిండదు, ఒక్క ఎండకి ఎండిపోదు" అనేవాడాయన. కొత్తగా వచ్చినవాడు రెండు ఆటల్లో చెలరేగినా బెంచీ మీదే కూర్చోబెట్టేవాడు. ఏళ్ల తరబడి నిలకడగా ఆడినవాడు తడబడితే వదిలేవాడు కాదు.

ఆ నిలకడ గలవాడు ఆయన బామ్మర్దే. డబ్బాలకు మూతలు బిగించే పని. జట్టులో బంతిని అతనంత బాగా కొట్టినవాడు లేడు. ఆ ఏడు మాత్రం అతని బ్యాటు గాలినే కొట్టింది. జట్టు ఓడుతున్నా మేస్త్రి అతన్నే దింపుతూ వచ్చాడు.

"మీరు మోస్తోంది మా తమ్ముణ్ణా, ఆటగాణ్ణా?" అంది భార్య, కంచం ముందు పెడుతూ.

"వాడి పదేళ్ల ఆట చూశాను నేను."

"ఆ పదేళ్లూ వాడి మీద కూడా పడ్డాయి కదండీ."

ఆయన అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు షిఫ్టు దిగాక, చేతుల రంగు కడుక్కునే కుళాయి దగ్గర బామ్మర్దే కదిపాడు.

"బావా, నన్ను తీసెయ్."

"బాధపడవట్రా?"

"బాధేస్తే బాగుండును. బంతి వస్తుంటే చూస్తూ ఉంటా. తప్పినా ఏం అనిపించట్లేదు. నీ మొహం చూసి వస్తున్నానంతే."

"కుదురుకుంటావులే."

"నువ్వు చూసేది పాత నన్ను, బావా. వాడెటు పోయాడో నాకే తెలీదు."

ఆదివారం మేస్త్రి అతని బదులు లోడింగ్ సెక్షన్ కుర్రాణ్ణి దింపాడు. పొడుగరి కాబట్టి అందరూ నిచ్చెన అంటారు. రెండు బంతులు దూరంగా కొట్టాడు, మిగతావి తప్పాడు. జట్టు గెలిచింది.

"ఇన్నాళ్లకి కళ్లు తెరిచావు మేస్త్రీ!" అని భుజాలు చరిచారు.

ఆయనకు సంతోషం రాలేదు, ఉక్రోషమూ రాలేదు. బామ్మర్ది తడబాటు ఏ ఆటతో ముగిసిందో, అతని పని అయిపోవడం ఏ ఆటతో మొదలైందో మనసులోనే వెనక్కి వెళ్లి వెతికాడు. దొరకలేదు. నిచ్చెన నిలబడే మనిషో కాదో కూడా తెలియలేదు.

సీజన్ అయ్యాక, చూపు ఆనడం లేదని చెప్పి జట్టు బాధ్యత వదిలేశాడు. చూపు బాగానే ఉంది. ఆ తరవాతి ఆదివారాల్లో బావా బామ్మర్దీ మైదానం మెట్ల మీద పక్కపక్కన కూర్చునేవారు.

"ఎవరు ముందున్నారు?" అనేవాడు బామ్మర్ది.

"మనవాళ్లే."

"ఓహో."

నీడ మెట్ల మీదికి వచ్చేదాకా చూసి, లేచి ఇళ్లకు పోయేవారు.