బ్రేకు మేడమ్‌కు దక్కని ఆదివారం

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, చాటున బ్రేకు మేడమ్ అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కారు నేర్చుకునేవాళ్ళ పక్కన ఆమె కూర్చునే వైపు కూడా కాలికింద ఒక బ్రేకు ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరు ఆగమంటే ముందుకు ఉరికించడం, ఆమె ఆ బ్రేకును నేలకంటా తొక్కడం, ఇదే ఆమె ఉద్యోగం. ఇన్నేళ్ళ అలవాటుతో ఆ కాలు ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా ఊరుకోదు. బస్సెక్కినా నేలను తొక్కుతుంది. ఇంట్లో టీవీ చూస్తూ సోఫా ముందున్న పీటను తొక్కుతుంది. మోకాలు అరిగిందని డాక్టరు చెప్పినప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు.

స్టేషనరీ కొట్టు మీద రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారం ఆమెకు కావలసింది చాలా తక్కువ. కిటికీ రెక్క మూసి, బకెట్లో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు అందులో పెట్టి, చక్రమన్నది కంటికి కనబడకుండా ఒక పూట గడపాలి. అంతే.

ఆ శనివారం సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం అతనిది. గొంతు మెత్తగా ఉండటంతోనే ఆమెకు అనుమానం వచ్చింది.

"అక్కా, రేపు ఖాళీయేనా?"

"కాదు."

"ఏం పనుంది?"

"ఖాళీగా ఉండటం."

తమ్ముడు నవ్వి అసలు సంగతి చెప్పాడు. ఊరి చివర పెద్ద హోటల్లో సూపర్‌కార్లున్న వాళ్ళందరూ రేపు కలుస్తున్నారు. కార్లన్నీ ముందు ఆవరణలో పెడతారు, ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. కూతురికి తను నెల రోజులుగా మాటిచ్చాడు. ఇప్పుడేమో ల్యాబులో తోటి మనిషి సెలవు పెట్టాడు. భార్యది బట్టల దుకాణంలో పని, ఆదివారమే అక్కడ ఊపిరాడనంత రద్దీ.

"నువ్వైతే కార్ల మనిషివి కదా అక్కా," అన్నాడు.

"ఒరేయ్, చేపలు తోమేవాణ్ణి ఆదివారం చేపల్ని చూద్దాం రమ్మంటారా ఎవరైనా?"

అవతల ఫోన్ చేతులు మారింది. "అత్తా," అంది ఒక చిన్న గొంతు. ఇంకేమీ అనలేదు. ఆమె తల పట్టుకుని, "ఎన్నింటికి రావాలి?" అని అడిగింది.

ఆ పిల్లకు ఏడేళ్ళు. ఇంట్లో అందరూ హారన్ అంటారు. మాటలు రాకముందే ఇంజను చప్పుళ్ళు నేర్చింది. మెట్లు దిగుతుంటే ఒక రకం మోత, మలుపు తిరుగుతుంటే ఇంకో రకం. ఫోన్లో చూసి కార్ల పేర్లన్నీ కంఠతా పట్టింది. మేనత్త కూడా కార్ల పనే చేస్తుందని మొదట్లో పిల్లకు గొప్ప గౌరవం ఉండేది. ఒకసారి అత్త డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళి, పైన పలక బిగించిన ఆ తెల్ల డొక్కు కారును చూశాక ఆ గౌరవం బాగా తగ్గింది.

మర్నాడు బస్సులో కూర్చోగానే హారన్ మొదలుపెట్టింది.

"అత్తా, నీ కారు సున్నా నుంచి వందకి ఎంతసేపట్లో వెళ్తుంది?"

"వందకి వెళ్ళదు. వెళ్ళిన రోజు నేను ఉద్యోగం మానేస్తాను."

"మరి దాన్ని కారని ఎందుకంటారు?"

ముందు సీటాయన వెనక్కి తిరిగి నవ్వాడు. అత్తకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఒక కారు పేరు చెప్పి పలకమంది పిల్ల. పలికింది. అది కాదంది. మళ్ళీ పలికింది. నాలుక అలా కాదు, ఇలా పెట్టాలంది. వారమంతా తను పదిమందికి స్టీరింగ్ ఎలా పట్టుకోవాలో చెబుతుంటే వాళ్ళు మొహం ఎందుకు మాడ్చుకుంటారో ఆమెకు అప్పుడు కొంచెం అర్థమైంది.

హోటలు దగ్గర చూస్తే జనం. ముందున్న వీపులు తప్ప ఏమీ కనబడలేదు. కార్లు ఇంకా రాలేదట. ఎండ నెత్తికెక్కింది. నీడ ఉన్న ఒక్క చోటా ఎవరో మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆమె మోకాలు పీకుతోంది. హారన్ మాత్రం ఒక చెవి రోడ్డు వైపు పెట్టి, నోరు కట్టేసుకుని నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడి, చివరికి అత్త కొంగు లాగింది.

"బాత్రూముకి వెళ్ళాలి."

"ఇంటి దగ్గర వెళ్ళమన్నాను కదే."

"అప్పుడు రాలేదు."

కార్లు పెట్టే చోటు చుట్టూ కట్టిన తాడు దగ్గర కాపలా ఉన్న సెక్యూరిటీ ఆవిడ, లోపల వరండా చివర ఉందని చూపించింది. వాళ్ళు అక్కడికి వెళ్ళి, పిల్ల లోపల తలుపు వేసుకుందో లేదో, బయట ఏదో గోడ కూలినట్టు చప్పుడు. దాని వెనకే ఇంకోటి. జనం కేకలు. లోపల్నుంచి హారన్, "అత్తా, వచ్చేస్తున్నాయి, వచ్చేస్తున్నాయి," అని ఏడుపు. గుండీ ఊడటం లేదు. ఊడాక మళ్ళీ పెట్టుకోవడం కావటం లేదు. చేతులు కడుక్కోకుండా పరుగెత్తబోతే అత్త రెక్క పట్టుకుని కడిగించింది. ఆ ఒక్కపనికి పిల్ల ఆమెను జన్మలో క్షమించేటట్టు లేదు.

వాళ్ళు బయటికి వచ్చేసరికి కార్లన్నీ వరసగా నిలిచి, ఇంజన్లు ఆగిపోయి ఉన్నాయి. యజమానులు నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోతున్నారు.

జనం మధ్యనుంచి దూరి ఇద్దరూ ఎలాగో తాడు దాకా చేరారు. హారన్ ఒక్కో కారు ముందూ ఆగి, దాని పేరు పెదవులతోనే చెప్పుకుంటూ నడిచింది. ఆ కాసేపూ అత్తకు ప్రాణం కుదుటపడింది. ఒక గంట చూసి, ఇంటికి పోయి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవచ్చు.

చివరి కారు దాకా వెళ్ళి పిల్ల వెనక్కి వచ్చింది. "ఇవి ఎప్పుడు కదులుతాయి?" అని సెక్యూరిటీ ఆవిణ్ణి అడిగింది.

"సాయంత్రం. వాళ్ళ భోజనాలూ మీటింగూ అయ్యాక."

"చూశాం కదమ్మా, ఇంక పద," అంది అత్త.

"చూడలేదత్తా. ఆగి ఉన్నవి చూశాం."

వాదించే ఓపిక లేక ఆమె పూలకుండీ గట్టు మీద కూలబడింది. సాయంత్రం దాకా ఇక్కడే పడి ఉండాలా, ఏడుస్తున్న పిల్లను బస్సులో ఈడ్చుకుపోవాలా అని ఆలోచిస్తుండగా, లోపల్నుంచి ఒక యువకుడు వచ్చి నారింజరంగు కారు తలుపు తీశాడు. తలుపు పక్కకు కాకుండా పైకి లేచింది. మరిచిపోయిన ఫోన్ తీసుకుని వెనక్కి తిరిగినవాడు ఆమెను చూసి ఆగిపోయాడు. తెలియకుండానే చొక్కా సర్దుకున్నాడు.

"మేడమ్, మీరా?"

ఆమె కళ్ళు చిట్లించి చూసింది. మనిషి గుర్తుకు రాకముందే, ఆమె పెట్టుకున్న పేరు నోట్లోంచి వచ్చేసింది.

"మూడోగేరు."

ఒకప్పుడు ఆమె దగ్గర నేర్చుకున్నాడు. ఎప్పుడు బండి తీసినా మొదటి గేరు బదులు మూడో గేరు వేసేవాడు. బండి దగ్గి, ఎగిరి, ఆగిపోయేది. వెనక లారీలవాళ్ళు ఇద్దర్నీ కలిపి తిట్టేవారు. ఆ తర్వాత ఏదో వ్యాపారం పెట్టాడని విన్నది. బాగానే పెట్టినట్టున్నాడు.

"ఇందులో గేర్లు వాటంతటవే మారతాయి మేడమ్," అన్నాడు నవ్వుతూ.

"అందుకే కొన్నావా?"

హారన్ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. అత్త మీద పోయిన గౌరవమంతా ఆ పిల్ల మొహంలోకి తిరిగి వస్తోంది. మూడోగేరు అది గమనించి వంగి, "ఒక రౌండు వేద్దామా?" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపలే పిల్ల తాడు కిందనుంచి అవతల తేలింది.

అత్త లేచి వచ్చి కారులోకి తొంగి చూసింది. "దీనికి వెనక సీటేదయ్యా?"

"వెనక ఇంజనండి."

"మరి పిల్లలెక్కడ కూర్చుంటారు?"

"ఇది పిల్లలున్నవాళ్ళు కొనే కారు కాదు మేడమ్."

"అయితే అయిపోయింది. రామ్మా."

మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి అన్నాడతను. ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు అంది ఆమె. నీకు నేర్పిన మొదటిరోజే చెప్పాను, విన్నావా అంది. పోనీ ముందు సీట్లో ఒక్కతినే కూర్చోబెడదాం అన్నాడు. ఆ బెల్టు పిల్ల మెడకు తగులుతుంది అంది. ఈ ఆవరణలోనే కదా మేడమ్ అన్నాడు. చుట్టూ జనం పోగయ్యారు. ఎవరో, "పిల్ల సరదా పడుతుంటే ఏంటమ్మా ఆ పట్టుదల," అన్నారు. ఇంకెవరో, "ఇలాంటి అవకాశం మళ్ళీ వస్తుందా," అన్నారు. కనీసం కన్నతండ్రి తన వైపు ఉంటాడని ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. అంతా విని వాడు, "ఒక్క రౌండే కదక్కా," అన్నాడు. ఆమె ఫోన్ కట్టేసింది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముడి మీద, పిల్లలు కూర్చోవాల్సిన చోట ఇంజను పెట్టినవాడి మీద, పరాయి పిల్ల మూతిపళ్ళ విషయంలో ఇంత ధారాళంగా ఉన్న జనం మీద. నడక వేగంతో పోతున్నా ఒక్క బ్రేకుకు మనిషి ఎంత ముందుకు పోతాడో ఆమె రోజూ చూస్తుంది. వీళ్ళకు ఎలా చెప్పేది?

"కుదరదంటే కుదరదు," అంది.

హారన్ ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. కారు వంకా అత్త వంకా చూసి అడిగింది.

"పెద్దవాళ్ళు ఎక్కొచ్చా?"

"ఎక్కొచ్చు."

"అయితే నువ్వెక్కు. కదిలితే నేను చూస్తాను."

ఆమెకు ఆ కారెక్కాలని రవ్వంత కూడా లేదు. కానీ అన్నిసార్లు కాదన్న తర్వాత ఇది కూడా కాదనడానికి నోరు రాలేదు. పిల్ల చేతిని సెక్యూరిటీ ఆవిడ చేతిలో పెట్టి, "ఏమైనా సరే వదలొద్దు," అని రెండుసార్లు చెప్పింది.

ఎక్కడమే పెద్ద తతంగమైంది. ఆ కారు నేలకు అతుక్కుని ఉంది. ముందు తల పెడితే కాలు రాలేదు. కాలు పెడితే మోకాలు వంగలేదు. చివరికి వెనక్కి తిరిగి, బావిలోకి జారినట్టు జారి సీట్లో పడింది. చేతిసంచీ బయటే ఉండిపోతే ఎవరో అందించారు. జనం ఫోన్లు పైకెత్తారు. తన బతుకులో ఇంతమంది తనను ఫోటో తీయడం ఇదే మొదలు, అదీ ఈ భంగిమలో.

ఇంజను మొదలైంది. ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, వెనకనుంచి పక్కటెముకల్లోకి వచ్చింది. కారు కదిలింది.

"అద్దం చూసుకో."

"చూశాను మేడమ్."

"చూడలేదు. నేను నిన్నే చూస్తున్నాను."

అతను చూశాడు. స్పీడు బ్రేకరు వచ్చింది. కారు కడుపు తగులుతుందని, దాన్ని ఏటవాలుగా, కాలు నొప్పి ఉన్న మనిషి మెట్టు దిగినట్టు, ఒక్కో చక్రమే దించాడు. ఆమె కారు ఇలాంటివి రోజుకు వంద దాటుతుంది. హోటలు వెనక గోడవెంట ఖాళీ దారి వచ్చేసరికి అతనికి ఉత్సాహం ఆగలేదు. కాస్త తొక్కాడు. ఆమె తల సీటుకు కొట్టుకుంది. గోడ గోడంతా ఒక్క గీతలా పోయింది. ఆమె కుడికాలూ ఎడంకాలూ నేలలో బ్రేకు కోసం వెతికాయి. అది దొరక్క, ఆ పని గొంతు అందుకుంది.

"బ్రేక్."

అతను ఇప్పటికీ ఆ గొంతుకు బెదురుతాడని అప్పుడు తెలిసింది. వెంటనే తొక్కేశాడు. ఆమె బెల్టుకు వేలాడి వెనక్కి వచ్చి పడింది.

"సారీ మేడమ్."

"అలా కాదు, మెల్లగా తొక్కాలని నీకెన్నిసార్లు చెప్పాను?"

మలుపు తిరిగి జనం ముందుకు వచ్చినప్పుడు ఆమెకు కిటికీలోంచి హారన్ కనబడింది. సెక్యూరిటీ ఆవిడ చేతికి వేలాడుతూ, నోరు తెరుచుకుని, కారుతో పాటే తల తిప్పుతోంది. ఒక్క చప్పుడు కూడా చేయటం లేదు. "ఇంకో రౌండు వెయ్యి," అంది అత్త. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

దిగడానికి ఇద్దరు మనుషులు చేతులు పట్టి లాగాల్సి వచ్చింది.

తిరుగు బస్సులో హారన్ కిటికీ పక్క సీటు పట్టుకుంది. వెంటనే ప్రశ్నలు మొదలయ్యాయి.

"మీటరు ఎంత చూపించింది?"

"చూడలేదు."

"గేరు మారినప్పుడు చప్పుడు కిందకి దిగి మళ్ళీ ఎక్కిందా?"

"ఏమో."

"స్టీరింగ్ మీద మీటలు ఎన్నున్నాయి?"

"నేను వాడి మొహం చూస్తున్నానే, మీటలు కాదు."

"అత్తా, లోపల ఏం చూశావసలు?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "కాళ్ళు పెట్టుకోడానికి చోటు లేదు," అంది.

హారన్ నుదురు కొట్టుకుంది. కిటికీకి తల ఆనించి, పెద్దమనిషిలా నిట్టూర్చింది. రోజూ సాయంత్రం తను నిట్టూర్చేది అచ్చం ఇలాగే ఉంటుందని అత్తకు తోచింది. కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. అంత చూడాలనున్న పిల్ల తాడు అవతల నిలబడింది, ఏమీ పట్టనిది లోపల కూర్చుని వచ్చింది.

"సీటు చల్లగా ఉంది," అంది కాసేపటికి. "ఎండలో పెట్టినా చల్లగానే ఉంది."

పిల్ల తల ఇటు తిరిగింది. "ఎక్కడ? వీపు దగ్గరా, కింద కూడానా?"

"వీపు దగ్గర."

హారన్ దాన్ని నోట్లో బిళ్ళలా కాసేపు చప్పరించి, "ఇంకా?" అంది.

సోమవారం రాత్రి భోజనానికి ముందు అత్త తనే ఫోన్ చేసి, తలుపు మూసినప్పుడు డబ్బా మూతలా కాక మెత్తగా పడిందని చెప్పింది. మంగళవారం, ఆగి ఉన్నప్పుడు కూడా సీటు కింద సన్నగా వణుకు ఉండేదని చెప్పింది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అని హారన్ కసిరింది. ఇకమీదట నిన్ను ఎక్కడికీ తీసుకెళ్ళనని ఆమె అంటే, ఆ సంగతి తర్వాత, ముందు ఇంకా ఏముందో గుర్తుతెచ్చుకో అంది పిల్ల.

బుధవారం ఒక కొత్త మనిషికి పక్కకు తీసి ఆపడం నేర్పుతుండగా ఫోన్ మోగింది. బండి పూర్తిగా ఆగాక తీసింది.

"అత్తా, లోపల వాసన ఎలా ఉంది?"

"నా బుర్ర తినకే. వాసనా గీసనా ఏమీ లేదు."

"ఉంటుంది. ఆలోచించు."

స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి ఇప్పుడేం చేయాలన్నట్టు చూశాడు. ఇంజను ఆపేయమని అతనికి సైగ చేసి, ఆమె సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.