రత్నమ్మ సంచీ

అది 2009. కోలారు బంగారు గనులు మూతపడి ఎనిమిదేళ్ళయింది. పనుల కోసం సగం ఊరు పొద్దున్నే బెంగళూరు రైలెక్కేది. నేను మాత్రం కేజీఎఫ్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సుగా ఉండేదాన్ని. మా నాన్న గని టైమ్ ఆఫీసులో గుమాస్తా. హాజరు విషయంలో సొంత తమ్ముణ్ణి కూడా నమ్మేవాడు కాదు. ఆ గుణం నాకూ అబ్బింది, అది మంచిదేనని మురిసిపోయేదాన్ని కూడా.

బైరకూరు నుంచి మునెప్ప అనే రైతును తెచ్చారు. పట్టుపురుగులు పెంచేవాడు, యాభై ఏళ్ళుంటాయి. జబ్బు పాంక్రియాటైటిస్, అంటే జీర్ణరసాలు తయారుచేసే గ్రంథి వాచిపోవడం. నోటితో తినే స్థితి కాదు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి సన్నటి ట్యూబ్ వేశాం. కాస్త కుదుటపడ్డాడనుకునేసరికి అయిదోరోజు ఒళ్ళు కాలిపోయే జ్వరం, బీపీ పడిపోయింది. సెప్సిస్ అన్నారు, ఇన్‌ఫెక్షన్ రక్తానికి ఎక్కిందన్నమాట. రక్తం కల్చర్‌కు పంపితే పేగుల్లో ఉండే ఈకొలై అనే క్రిమి బయటపడింది.

నాకు వెంటనే ఆయన భార్య రత్నమ్మ మీదికి అనుమానం పోయింది. మొదటిరోజే ఆమె, "సిస్టరమ్మా, రెండు చెంచాలు రాగిగంజి పోస్తే ఏమయితాదమ్మా? కడుపు ఎండిపోతా ఉండాది" అని బతిమాలింది. ఎప్పుడొచ్చినా చంకలో గుడ్డసంచీ. దొంగతనంగా ట్యూబ్‌లో పోస్తోందని తేల్చేసుకున్నాను. సంచీ లాక్కుని చూస్తే స్టీలు సీసా, అందులో గంజి.

"ఇదేందమ్మా?"

"నాకమ్మా అది. బయట కూర్చోని తాగతా ఉండాను. ఆయప్పకు ఒక్క చుక్క ఇయ్యలేదు, ఒట్టు."

"ఇంగ నువ్వు లోపలికి రావద్దు" అన్నాను. వాచ్‌మన్‌కు కూడా గట్టిగా చెప్పాను.

వారానికి రెండుసార్లు బెంగళూరు నుంచి వచ్చే పెద్ద డాక్టరుగారికి మరునాడు ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"గంజితో వచ్చేది కాదమ్మా ఇది. పేగు లోపలి పొర గోడ మాదిరి. ఇంత పెద్ద జబ్బులో దానికి రక్తం సరిగ్గా అందదు. లోపల ఆహారమూ లేకుంటే ఇంకా బలహీనపడతాది, క్రిములు దాటి రక్తంలోకి పోతాయి. దానికే రెండోరోజు నుంచి కొంచెం కొంచెంగా ఫీడ్ ఇయ్యమని రాసినాను. ఇస్తా ఉండారు కదా?"

మేం నర్సులు పూటపూటకీ రాసే షీటు తెరిచారు. ప్రతిసారీ 'ఫీడ్ హెల్డ్', అంటే ఆహారం ఆపామని. చాలావరకు నా చేతిరాతే. ఫీడ్ ఇచ్చే ముందు కడుపులో ఎంత మిగిలిందో సిరంజితో లాగి చూస్తాం. కాస్త పచ్చనీళ్ళు కనిపిస్తే చాలు, వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనని అనుమానపడి ఆపేశాను. అన్ని రోజుల్లోనూ లోపలికి గ్లాసుడైనా పోలేదు. డాక్టరును ఒక్కసారీ అడగలేదు.

"దీనివల్లే వచ్చిందని చెప్పలేను, జబ్బొకటే చాలు" అన్నారాయన. "అయితే మనం ఆ పేగుకు సాయం చెయ్యలేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ ఎవరికైనా జ్వరం తిరగబెడితే ముందు నేను రాసిన షీటే చదువుతాను.

యాంటీబయాటిక్ మార్చారు. ఫీడ్ కొద్దికొద్దిగా ఎక్కించాం. ఎంత మిగిలితే ఆపాలో అడిగి తెలుసుకుని మరీ ఇచ్చాను. కానీ రత్నమ్మను పిలవడానికి మొహం చెల్లలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ మూడురోజులు గడిపేశాను.

నాలుగోరోజు జ్వరం దిగింది. మునెప్ప తెలివిలోకి వచ్చి కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

"అమ్మా, మా ఆడది యాడ? నేను బతకనని ఊరికి పొయ్యిందా?"

"లేదప్పా, బయటే ఉండాది. నేనే రానియ్యలేదు."

"ఏమి తప్పు చేసినాది?"

"ఆయమ్మ ఏమీ చెయ్యలేదప్పా" అన్నాను. "చేసింది నేను."