పల్చగా వెయ్యమన్నాను

ఎనిమిదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. చిన్న మాటే. "పల్చగా వెయ్యమ్మా" అన్నాను. అబద్ధమని తెలిసే అన్నాను. ఈ సంగతి మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మొదట మీకే చెబుతున్నాను, మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే మాత్రం నమ్మకండి.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడం దగ్గర క్రాఫ్ట్ క్లాసుకు వెళ్లేదాన్ని. పాలిస్టర్ గుడ్డకు అక్రిలిక్ రంగులు వేసి, ఆరాక హీట్ గన్‌తో వేడిగాలి కొడితే గుడ్డ అక్కడక్కడ కరిగి లేసులా అవుతుంది. దాన్ని నూలుగుడ్డ మీద అతికించి, పూసలు కుట్టి, గోడకు తగిలించే బొమ్మలు చేసేవాళ్లం. కిటుకు ఒక్కటే. రంగు మందంగా ఉన్నచోట గుడ్డ నిలుస్తుంది, పల్చగా ఉన్నచోట కరిగిపోతుంది. మ్యాచింగ్ సెంటర్‌లో లైనింగ్ గుడ్డ మీటర్లకు మీటర్లు కొని తగలేశాక గానీ నాకిది పట్టుబడలేదు. మేడం ఇది చెప్పేవారు కాదు, ఎవరికి వారే చేసి తెలుసుకోవాలనేవారు. నేనూ ఎవరికీ చెప్పలేదు. అంతవరకు తప్పు కాదేమో. అసలు తప్పు తరువాత చేశాను.

ఎల్బీనగర్‌లో రెండో క్లాసు పెడుతున్నామని, ఎవరి బొమ్మ బాగుంటే వాళ్లకే అక్కడ పాఠాలు చెప్పే పని ఇస్తానని మేడం అన్నారు. మా క్లాసులో రజిత ఉండేది. అసలు పేరు అది కాదు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఉంటూ, ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టేది. ఆ పని ఆమెకు అవసరం. మరి నాకు? మా ఆయన జీతంతో ఇల్లు హాయిగా గడిచేది. నాకు కావలసిందల్లా మొదటిదాన్ని కావడం. ఆమె చెయ్యి నా చేతికంటే మంచిదని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే, ఒప్పుకోలేకపోయిందీ నేనే.

బొమ్మ కోసం ఆమె, చనిపోయిన వాళ్లమ్మ నైలెక్స్ చీరలో మిగిలిన కొంగు తెచ్చింది. అదీ పాలిస్టర్‌లాగే వేడికి కరిగే గుడ్డే. మేమెప్పుడూ ముందు చిన్న ముక్క కోసి, దానిమీద రంగూ వేడీ చూసుకుని, తరువాతే అసలు గుడ్డ ముట్టుకుంటాం. ఆ ముక్క కోయడానికి ఆమెకు చేతులు రాలేదు. నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, అమ్మ చీర గదా, ఊకె ముక్క కొయ్యబుద్ధయితలేదు. రంగు మందంగ వెయ్యాల్నా, పల్చగ వెయ్యాల్నా?"

"పల్చగా వెయ్యమ్మా. నీళ్లు బాగా కలుపు."

మర్నాడు అందరి ముందూ హీట్ గన్ పెట్టింది. చూస్తుండగానే ఆ కొంగు ముడుచుకుపోయి ఉండలా అయింది. ఆమె ఏడవలేదు. ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని నా వైపు తిరిగి, "నువ్వు మంచిగనే చెప్పినవ్ అక్కా. నా చెయ్యే మంచిగ లేదు" అంది. నేను ఆమె భుజం తట్టాను. అవును, తట్టాను కూడా.

పని నాకే వచ్చింది. ఇప్పటికీ కొత్తవాళ్లకు మొదటిరోజే చెబుతాను, రంగు మందంగా వెయ్యండని. "ఇది మీకెట్ల తెలిసింది మేడం?" అని ఎవరైనా అడిగితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. రజిత మళ్లీ కుంచె పట్టలేదు. మా క్లాసుకు రెండు వీధుల అవతల ఇంకా ఫాల్స్ కుడుతోంది. నా చీరలకూ తనే కుడుతుంది.

క్షమించమని అడగాలా? అడిగితే క్షమిస్తుంది, నా భయమే అది. ఆమె మంచితనాన్ని రెండోసారి వాడుకున్నట్టవుతుంది. అందుకే అడగను. ఆ రోజు తప్పు ఆమె చేతిలో లేదని, నేను తెలిసే చెప్పానని, అంతే చెబుతాను. ఇంత రాశాక గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక నాకు దక్కవలసిందో కాదో తెలియదు.

పొద్దున ఫోన్ చేసి, వస్తున్నానన్నాను. "రా అక్కా, అన్నం తిని పోదువు" అంది. ముందు చెబుతాను. అన్నం పెట్టాలో వద్దో తరువాత ఆమె ఇష్టం.