వెనక తలుపు, ముందు తలుపు

లాండ్రీలో ఆమెను అందరూ కొత్తమ్మ అంటారు. చేరి ఏడు నెలలైంది, ఆమె తరవాత మరో ముగ్గురు చేరారు, అయినా ఆ పేరు ఆమెకే అతుక్కుపోయింది. ఆసుపత్రుల నుంచి వచ్చి ఉతికిన దుప్పట్లను తడితడిగానే వేడి రోలరు కిందకి నెట్టి, అవతల మడతపెట్టే వాళ్లకు అందించడం ఆమె పని. పొద్దున్న అయిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంటకు తెములుతుంది. భర్త బేకరీలో పిండి కలుపుతాడు. ఆయన షిఫ్టు రెండున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా. ఈ రెండు షిఫ్టుల మధ్య వాళ్ల మూడున్నరేళ్ల కూతురు. బొద్దుగా, గుండ్రంగా ఉంటుందని దాన్ని బుడంకాయ అని పిలుచుకుంటారు.

కొత్త ఊరు, రాని భాష, అయినవాళ్లంటూ ఒక్కరూ లేరు. చిన్నపిల్లల్ని చూసుకునే చోటికి వెళ్లి అడిగితే, ఖాళీ లేదు, వచ్చే ఏడాది కనపడమన్నారు. వచ్చే ఏడాది దాకా పిల్లని ఏ అటక మీద దాచాలో మాత్రం చెప్పిన పుణ్యాత్ములు లేరు. కింది వాటాలో ఉండే ఆవిడ తలుపు తీసి, వీళ్లు చెప్పేది సగం విని, నవ్వి తలుపేసుకుంది. ఇక వాళ్లకు మిగిలింది ఒక బస్సు.

ఆ బస్సు సంగతి చెప్పాలి. లాండ్రీ ఊరికి ఒక కొసన ఉంది, బేకరీ రెండో కొసన ఉంది, ఇల్లు నడిమధ్యన. ఒంటిగంటా నలభైకి వాళ్ల వీధి చివర ఆగే బస్సులోంచి ఆమె దిగాలి, అదే బస్సులోకి ఆయన ఎక్కాలి. అది పోతే మళ్లీ ముప్పావు గంటకు గానీ ఇంకోటి రాదు. ఆలస్యంగా వెళితే బేకరీ మేస్త్రీ గేటు దగ్గరే ఆపి, ఇంటికి పొమ్మంటాడు.

మొదట్లో ఆయన పిల్లని ఎత్తుకుని వెనక తలుపు దగ్గర నిలబడి, భార్య దిగగానే చేతికిచ్చి, ముందు తలుపు దాకా పరిగెత్తేవాడు. రెండుసార్లు డ్రైవరు ఆయన ముఖాన పొగ కొట్టి వెళ్లిపోయాడు. దాంతో మొగుడూ పెళ్లాం ఒక పద్ధతి పెట్టుకున్నారు. బుడంకాయని బస్టాపు బెంచీ కొసన కూర్చోబెట్టి, "అమ్మ వచ్చేదాకా లేవకు" అని చెప్పి, ఆయన ముందు తలుపు ఆగే చోట నిలబడతాడు. వెనక తలుపులో లాండ్రీ వాళ్ల బూడిదరంగు కోటు కనపడగానే ఎక్కేస్తాడు. ఆమె దిగి ఆరు అంగలేస్తే బెంచీ. ఆ ఆరు అంగల సేపూ పిల్ల ఎవరి చేతిలోనూ లేనట్టే. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరిలో ఒకరు పని మానాలి.

ఇక కాపురం సంగతి అడగకండి. ఆయన వచ్చేసరికి ఆమె నిద్రలో ఉంటుంది, ఆమె లేచేసరికి ఆయన గుర్రు పెడుతుంటాడు. సెలవులు కూడా ఇద్దరికీ ఒకే రోజున రావు. ఒకసారి బస్సు కిటికీలోంచి ఆయన్ని చూసి, సాయంత్రం ఫోన్లో అడిగింది, "మీసం తీసేశారా?" అని. "తీసి పది రోజులైంది" అన్నాడాయన.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. పన్నెండున్నరకి రోలరులో దుప్పటి ఇరుక్కుని మిషను ఆగిపోయింది. అది బాగయ్యేదాకా రోలరు దగ్గరి వాళ్లు కదలడానికి వీల్లేదన్నాడు సూపర్‌వైజరు. ఫోను చేద్దామంటే ఫోన్లన్నీ లాకరు గదిలో, గది తాళం ఆయన జేబులో. కొత్తమ్మ ఆయన చుట్టూ తిరిగి, పిల్ల, బస్సు అని సైగలు చేసింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది. అప్పుడు మడతపెట్టే పిల్ల ఒకతె ఇంటికి బయలుదేరుతూ కనిపించింది. తమ భాషే, అదే బస్సు.

"చెల్లీ, నీకు దణ్ణం పెడతాను. మా వీధి చివర బస్సు ఆగినప్పుడు ఒక్క క్షణం దిగి మా ఆయనకు చెప్పవా? నేను ఈ బస్సులో లేను, పాపని తీసుకుని ఇంటికెళ్లిపొమ్మను. పొడుగ్గా ఉంటాడు, పాపతో ఉంటాడు."

"ఇంత చిన్న పనికి దణ్ణాలెందుకక్కా? చెప్తాలే."

ఆ పిల్ల మాట తప్పలేదు. తప్పినా బాగుండేది! చెప్పినట్టే, వానకి కోటు టోపీ తల మీదికి లాక్కుని, వెనక తలుపులోంచి దిగింది. బూడిదరంగు కోటు. అక్కడే కొంప మునిగింది. ముందు తలుపు దగ్గరున్న మనిషి ఆ కోటు చూసి, భార్యే అనుకుని, ఎక్కేశాడు. ఈ పిల్ల పాపతో ఉన్న పొడుగాటి మనిషి కోసం చూసింది. వానకి అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు, అలాంటి మనిషి ఎవరూ లేడు. రాలేదు కాబోలు అనుకుని, బస్సు కదిలేలోపు మళ్లీ ఎక్కింది. ఆయన ముందు, ఆ పిల్ల వెనక, ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లిపోయారు. బెంచీ కొసన ఎర్ర బూట్లతో బుడంకాయ ఒక్కతే మిగిలింది.

ఇదంతా కొత్తమ్మకు తరవాత తెలిసింది. మిషను బాగయ్యాక, రెండూ పాతికకి ఆగే తరవాతి బస్సులో ఆమె మనసు కుదుటగానే వచ్చింది. దిగి చూస్తే బెంచీ ఖాళీ. హమ్మయ్య, ఇంటికెళ్లిపోయారు అనుకుంది. ఈ పూట పని పోగొట్టుకుని ఆయన ముఖం గంటు పెట్టుకుని ఉంటాడు, ఉండనీ. ఇవాళ ముగ్గురం కలిసి తినొచ్చు. ఆ తలపుకే ఆమెకు ఆకలేసింది. వానలో తడుస్తూ, నవ్వుకుంటూ, రెండంతస్తుల మెట్లెక్కింది. తలుపుకి తాళం వేసి ఉంది.

ఆయనకి అయిదుసార్లు ఫోను చేస్తే, మోగి మోగి ఆగిపోయింది. ఆరోసారి ఎత్తాడు.

"ఎక్కడున్నారండీ? పాప తడిసిందా?"

"ఎక్కడుంటాను, పనిలో ఉన్నా. పాప నీ దగ్గరే కదా?"

"నా దగ్గరేంటి?"

"నువ్వు దిగావుగా! నా కళ్లతో చూశాను!"

"నేను దిగలేదండీ... నేనిప్పుడే వచ్చాను."

"వస్తున్నా" అని ఆయన ఫోను పెట్టేశాడు.

మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. బస్టాపులో ఉన్న ప్రతి మనిషి చెయ్యీ పట్టుకుంది. కానీ ఏం అడగాలి? ఏడు నెలల్లో ఆ ఊరి భాషలో ఆమెకు పట్టుబడినవి నాలుగే మాటలు: తడి, పొడి, వేడి, చిరిగింది. పిల్ల తప్పిపోయిందని చెప్పడానికి అందులో ఒక్కటీ పనికిరాలేదు. అరచెయ్యి మోకాలి పైకి పెట్టి, ఇంత, ఇంత అని చూపించింది. ఒకాయన బిచ్చమెత్తుతోందనుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆగి ఉన్న బళ్ల కింద వంగి చూసింది. కాలవ నిండా పారుతున్న వాన నీళ్లలోకి చూసి, చూడలేక కళ్లు మూసుకుంది. ఆ మడతపెట్టే పిల్లని తిట్టింది, దాన్ని పంపిన తన నోటిని తిట్టుకుంది, ఈ ఊరికి పోదామని ముందు అన్నది తానే అని గుర్తొచ్చి తల బాదుకుంది.

భర్త బేకరీ వ్యానులో వచ్చి దిగాడు. చేతుల మీది పిండి వానకి ముద్దయి కారుతోంది.

"కోటు చూసి ఎక్కేస్తారా? మొహం చూడరా?" అని ఆయన చొక్కా పట్టుకుని గుంజింది.

"నీ మొహం చూసి ఎన్నాళ్లయిందే?" అన్నాడాయన. అని, నడిరోడ్డు మీద చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పక్కన పేపర్లు అమ్మే ముసలాయన అప్పటిదాకా వీళ్లని చూస్తూనే ఉన్నాడు. బడ్డీలోంచి వచ్చి, మోకాలెత్తు చెయ్యి పెట్టి, ఎర్ర బూట్లా అన్నట్టు ఒక ఎర్ర అట్ట పుస్తకాన్నీ తన కాళ్లనీ చూపించాడు. అవునని కొత్తమ్మ తల ఊపింది. ఆయన వెళ్లి బెంచీ మీద కూర్చుని, చాలాసేపు అన్నట్టు చెయ్యి తిప్పాడు. తరవాత లేచి, బస్సు ముందు తలుపు ఆగే చోటికి నడిచి, ఎక్కినట్టు కాలెత్తాడు. గడియారంలో రెండూ పాతిక చూపించాడు.

కొత్తమ్మ గడియారం వంక మళ్లీ చూసింది. అది తను వచ్చిన బస్సే. తను వెనక తలుపులోంచి దిగుతుంటే, నాన్న ఎటు పోయాడో అటే పోదామని, జనం కాళ్ల మధ్య నుంచి పిల్ల ముందు తలుపులోకి ఎక్కింది. తను ఖాళీ బెంచీ చూసి హమ్మయ్య అనుకుంది.

వ్యాను డ్రైవరు, పాపం మంచివాడు, ఆ దారిలో ప్రతి స్టాపులోనూ ఆపాడు. పదకొండు స్టాపులు. ప్రతి చోటా ఆయన ఒక వైపు, ఆమె ఒక వైపు దిగి పరిగెత్తడం, ఖాళీ చేతులతో తిరిగి రావడం. ఎనిమిదో స్టాపు దాటాక ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోవడం మానేశారు. ఎవరెత్తుకుపోయారో, ఏ బండి కింద పడిందో, ఇక దొరకదేమోనని ఇద్దరికీ ఒకటే భయం.

ఆఖరి స్టాపులో డిపో. డ్రైవర్లు టీ తాగే గదిలో, బల్ల మీద, ఎవరిదో పెద్ద తువ్వాలు చుట్టుకుని బుడంకాయ కూర్చుని ఉంది. చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. బస్సు ఊడ్చేటప్పుడు సీటు మీద నిద్రపోతూ దొరికిందట. ఏడిచి ఏడిచి చెంపల మీద చారలు కట్టాయి.

కొత్తమ్మ వెళ్లి పిల్ల మీద పడిపోయింది. ఆయన వెనక నుంచి ఇద్దర్నీ కలిపి పట్టుకున్నాడు. ఊపిరాడక బుడంకాయ వాళ్లని తోసింది. అమ్మ వంక చూసింది, నాన్న వంక చూసింది, మళ్లీ అమ్మ వంక చూసింది.

"అమ్మా, నువ్వు దిగేశావా?"

"దిగేశాను తల్లీ."

"నాన్నా, నువ్వు ఎక్కవా?"

"ఎక్కను నాన్నా, ఎక్కను."

ఎంత ఆలోచించినా ఆ లెక్క బుడంకాయకి కుదరలేదు.

"మరి ఇప్పుడు నన్నెవరికి ఇస్తారు?"

ఎవరికీ ఇవ్వం అని చెప్పడానికి కొత్తమ్మ నోరు తెరిచింది. రేపు పొద్దున్న అయిదింటి షిఫ్టు, ఒంటిగంటా నలభై బస్సు గుర్తొచ్చాయి. పిల్లని గుండెకి అదుముకుని మొగుడి వంక చూసింది. ఆయన తల దించుకుని, చేతుల మీద ఎండిపోయిన పిండిని గిల్లుకుంటున్నాడు.