సగంలో ఆగిన బట్ట

బహ్రెయిన్‌లో సీఫ్ అనే చోట ఒక మాల్‌లో నేల తుడవడం నా డ్యూటీ. ఆరేళ్ళుగా అదే. నేను తుడుస్తాను, జనం తొక్కుతారు, మళ్ళీ తుడుస్తాను. దాని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మొన్నటి చలికాలంలో కింది అంతస్తులో ఒక ప్రదర్శన పెట్టారు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట మనుషులు ఎలా బతికారో చూపిస్తారట. మట్టికుండలు, ఖర్జూరపు మట్టల బుట్టలు, ముత్యాల కోసం మునిగేవాళ్ళ తాళ్ళు. మూలన ఒక గుంట మగ్గం. మాల్ నేల తవ్వలేరు కాబట్టి చెక్కతో ఎత్తుగా అరుగు కట్టి, దాని మధ్యలో గుంట వదిలారు. చూడగానే నవ్వూ కోపం రెండూ వచ్చాయి. వీళ్ళు ఎప్పటిదో అని బోర్డు రాసిపెట్టిన బతుకు, నాకు ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా నేను బతికిందే! నేను నేసేవాణ్ణి, నా భార్య కండెలు చుట్టేది. మరమగ్గాల ముందు నిలవలేక మా గుంట పూడ్చి, సిమెంటు చేయించి, దాని మీద ఫ్రిజ్ పెట్టుకున్నాం. తర్వాత అందరూ పోయిన దారినే నేనూ దుబాయి పోయాను. మావైపు బహ్రెయిన్ అయినా దుబాయే.

మగ్గం పక్కన కుర్చీలో ఒక ముసలి అరబ్బు కూర్చునేవాడు. మగ్గం ఆయనదే. అందరూ హాజీ అనేవారు. మోకాళ్ళు పోయి గుంటలోకి దిగలేడు, ఇంకెవరికీ ఆ పని రాదు. నేను తుడుస్తూ తుడుస్తూ చూస్తే నిలువు దారాల పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. తెగిన పోగును చూసి ఊరుకునే చేతులు కావు మావి. మాప్ గోడకు ఆనించి, రెండు వేళ్ళతో ముడేసేశాను. ముసలాయన నా మణికట్టు పట్టుకున్నాడు. తిట్టబోతున్నాడనుకున్నాను. నా వేళ్ళు తిప్పి చూసి, గుంట వైపు చెయ్యి చూపించి, "యల్లా" అన్నాడు, కానియ్ అన్నట్టు.

దిగాను. కాళ్ళకు తొక్కుడు కర్రలు తగలగానే ఏడుపొచ్చింది. జనం చూస్తున్నా ఏడ్చాను.

ప్రదర్శన చూసుకునే మేడమ్ వచ్చీరాని హిందీలో చెప్పింది. నెల రోజులు ఇక్కడ కూర్చో, జనానికి నచ్చితే మగ్గం ఎప్పటికీ ఇక్కడే ఉంచుతాం, నీ వీసా మగ్గం పనికే మార్పిస్తాను అని. తంతే బూరెల బుట్టలో పడ్డట్టయింది నా పని. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య "నడుం పైలం. గుంటల కూసునుడు మరిసిపోయినవు" అంది.

పనివాళ్ళు ఉండే నువైద్రాత్ దగ్గర మా గదిలో జగిత్యాల వైపు అన్న ఒకడున్నాడు, మేస్త్రీ. "నిమ్మలంగ నేయి తమ్మీ. ఇక్కడ పని అయిపోయిందంటే పనోడు గూడ అయిపోయినట్టే" అన్నాడు.

నేను వింటానా! "నీకు గోడలు తెలుసు గని మగ్గం ఏం తెలుసునే అన్నా" అని నోరు పారేసుకున్నాను.

మా ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. మగ్గం ఎక్కిన బట్టను సగంలో ఆపకూడదు. జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా, ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని దాన్ని దించాల్సిందే. సగంలో ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని గుర్తు. వీధిలో వెళ్ళేవాళ్ళు తొంగిచూసి, "ఎవలు పోయిన్రు?" అని అడుగుతారు. ఇంకొకటి, బట్ట కోసినప్పుడు పడుగు కొసలు పూర్తిగా తీసెయ్యం. దువ్వెనలాంటి అచ్చులో జానెడు వదిలి, కొత్త పడుగును ఒక్కో పోగే వాటికి మెలేసి అతుకుతాం. మా తాత వదిలిన కొసలకు మా నాయన, మా నాయన వదిలినవాటికి నేను అతుక్కుంటూ వచ్చాం.

అలా పెరిగినవాణ్ణి గుంటలో కూర్చోబెడితే ఊరుకుంటానా? జనం ఫోటోలు తీసుకుంటుంటే ఇంకా హుషారెక్కి నేశాను. హాజీ నెలకని ఎక్కించిన పడుగు తొమ్మిదో రోజుకే అయిపోయింది. బట్ట కోసి, కొసలు వదిలి, మడతపెట్టి మేడమ్ చేతికిచ్చాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"అయిపోయిందా?" అంది. ఆమె మొహం వాడిపోయింది. "ఇంకా మూడు వారాలుంది కదా. నిన్ను బట్ట నెయ్యమన్నానా భాయ్? నేస్తూ కనబడమన్నాను."

నూలు తెప్పిస్తే నేనే పడుగు చేస్తానన్నాను. దానికి నలభై అడుగుల మేర కర్రలు నాటి, దారం పట్టుకుని అటూ ఇటూ నడవాలి. దుకాణాల ముందు కుదరదంది. హాజీ దగ్గర ఇంకో పడుగు ఉందేమో అడగమన్నాను. ఆయన అప్పటికి ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు రోజులు జనం ఖాళీ మగ్గం చూసి పోయారు. మూడో రోజు ఒక ప్లాస్టిక్ మనిషిని తెచ్చారు.

బొమ్మను గుంటలో కూర్చోబెట్టి, చేతికి పోగును అటూ ఇటూ మోసే నాడె అంటించారు. ఇంకా సగం నెయ్యాల్సి ఉన్నట్టు కనబడాలని, నేను నేసిన బట్టనే మధ్యకు కోసి మగ్గానికి మేకులతో బిగించారు. మిగతా సగానికి ఏవో తెల్లదారాలు లాగి కట్టారు. అచ్చులో నేను వదిలిన కొసలు చిందరవందరగా ఉన్నాయని ఒకడు కత్తెర తీశాడు. "వద్దు భాయ్" అన్నాను. "చెత్తే కదా, ఖలాస్" అని కత్తిరించేశాడు. వాటిని ఊడ్చిందీ నేనే.

మగ్గం జనానికి నచ్చింది. అక్కడే ఉంచేశారు. బొమ్మకు వీసా అక్కర్లేదు. రోజూ పొద్దున దాని దుమ్ము తుడవడం నా డ్యూటీలో కలిపారు. గదిలో అన్న ఒక్క మాటా అనలేదు. అని ఉంటే తిరిగి తిట్టడానికైనా ఉండేది.

ఇంట్లో చెప్పలేకపోయాను. మొన్న నా భార్య వీడియోలో మగ్గం చూపించమని పట్టుబట్టింది. బొమ్మ కనబడకుండా ఫోన్ వంచి, బట్ట మీద పెట్టాను.

"అంచు నీదే, గుర్తువట్టిన" అని మురిసిపోయింది. కాసేపు చూసింది. "నెల దాటింది గద. ఇంక సగంలనే ఉన్నదేంది?"

ఆమె గొంతు తగ్గించింది.

"ఎవలు పోయిన్రు?"

డ్యూటీ ఉందని ఫోన్ పెట్టేశాను. గుడ్డ తీసుకుని బొమ్మ చేతులు తుడిచాను.