మా వాళ్ళలో ఎవరికీ నేదండి

అమ్మకు వినిపించే గొంతులు నాకూ వినిపిస్తాయేమోనని, వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు గరిటె ఆపి చెవి ఒగ్గి వినేదాన్ని. అన్నం ఉడికే చప్పుడు తప్ప మరేమీ ఉండేది కాదు. అయినా నమ్మకం కుదిరేది కాదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అమ్మ గోడవైపు తిరిగి ఎవరితోనో పోట్లాడేది. మా గజపతినగరంలో దాన్ని గాలి సోకడం అన్నారు. వేపమండలతో కొట్టించారు, తాయెత్తులు కట్టించారు. చివరికి నాన్న పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. తోడుగా నేను. ఆ జబ్బుకు స్కిజోఫ్రీనియా అని పేరుందని అక్కడే విన్నాను.

“మీ వాళ్ళలో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?” అని డాక్టరు అడిగాడు.

“ఎవరికీ నేదండి,” అన్నాడు నాన్న, తడుముకోకుండా.

అమ్మమ్మను పెరటి పాకలో పెట్టి బయట గడియ వేయడం నేను చూశాను. పెద్దమ్మను అత్తవారు బండిలో తెచ్చి, మాటైనా చెప్పకుండా దింపి పోవడం చూశాను. నాన్నా చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా అమ్మ చెయ్యి పట్టుకుని నాన్న వెనకే బయటికి నడిచాను.

ఆ అబద్ధం ఎందుకో ఇంటికొచ్చాక తెలిసింది. నన్ను అమ్మ తమ్ముడికే ఇవ్వాలని నాయనమ్మ నిశ్చయించేసింది.

“బయటోలైతే తాతల కాడినుంచీ ఆరా తీస్తారు. మావైతే ఏటడుగుతాడు? గుట్టు ఇంట్లోనే ఉంటాది,” అంది, మినుములు చెరుగుతూ.

గుట్టుతోపాటు జబ్బు కూడా ఇంట్లోనే ఉంటుందని ఆవిడకు తట్టలేదు. తట్టినా లెక్కచేసేది కాదు. నా కడుపున పుట్టబోయేవాళ్ళను కూడా ఏ పాకలోనో పెట్టి గడియ వేస్తే సరిపోతుంది కదా!

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, నాన్న పక్కనుండగానే డాక్టరుకు చెప్పేశాను. అమ్మమ్మకూ ఉండేది, పెద్దమ్మకూ ఉంది, నన్ను మేనమామకు ఇస్తున్నారు.

“ఇది కొన్ని కుటుంబాల్లో వస్తూ ఉంటుంది. అందరికీ రావాలని లేదు. మళ్ళీ ఆ రక్తంలోనే పెళ్ళి చేసి ఎందుకు కొని తెచ్చుకుంటారు?” అన్నాడు ఆయన, నాన్నతో.

బస్సులో నాన్న నావైపు చూడలేదు. ఇంటికెళ్ళాక నాన్న చెప్పింది విని నాయనమ్మ వీధికి వినబడేలా తిట్టింది.

“డాక్టరు కాడ ఇంటి పరువు తీసేసినావు గదే! ఇంక నిన్నెవుడు సేసుకుంటాడు?”

“ఎవరూ చేసుకోకపోతే నాకే మంచిది,” అన్నాను. ఆవిడకు ఎదురు చెప్పడం అదే మొదలు.

మర్నాడు మావ వచ్చాడు. పెళ్ళి చెడగొట్టానని దెబ్బలాటకే వచ్చాడనుకుని, అనవలసిన మాటలన్నీ కూడగట్టుకుని అరుగు మీదికి వచ్చాను. అతను చెప్పులు విప్పలేదు, ఇచ్చిన మంచినీళ్ళు తాగలేదు. నాకంటే కొంచెమే పెద్ద. తల్లికి, అంటే మా అమ్మమ్మకు, గాలి సోకిందనే అతనికీ చెప్పి పెంచారు. అతను మా గడప తొక్కడం ఆ రోజే ఆఖరు. లోపలున్న తన అక్కకు, మా అమ్మకు, వినబడకూడదని గొంతు బాగా తగ్గించి అడిగాడు.

“ఒసే, పెళ్ళి మాట ఒగ్గేయ్. మరి నాకూ వస్తాదేటి? నా గురించి డాక్టరు ఏటన్నాడే?”